వాగ్దాన కార్డు, వెన్న శాతం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది చిత్తూరు. నా వయసు 36 సంవత్సరాలు. ఒక ప్రైవేటు డెయిరీలో, పల్లెల్లోని సేకరణ కేంద్రాల నుండి వచ్చే పాల లెక్కలు రాస్తాను. భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ నాతో ఉంటారు. అమ్మకు మూత్రపిండాల జబ్బు. నెలకొకసారి వేలూరుకు తీసుకువెళ్లాలి. గత డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డు మీద ఆదికాండము 12:1 వచనం ఉంది: "నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువులయొద్దనుండియు నీ తండ్రి యింటినుండియు బయలుదేరి నేను నీకు చూపించు దేశమునకు వెళ్లుము." మార్చిలో మా పేటలో కూటాలకు వచ్చిన ఒక ప్రసంగికుడు నా తలమీద చేయి ఉంచి, దేవుడు నన్ను పూర్ణకాల సేవకు పిలుస్తున్నాడని, ఉద్యోగం మానుకోవాలని, నా పేరున ఉన్న ఇంటి స్థలం అమ్మి దేవుని పనికి ప్రతిష్ఠించాలని చెప్పాడు. అప్పటి నుండి నాకు నిద్ర లేదు. గిద్యోనువలె గుర్తు అడిగాను. 10 రోజుల సెలవు మంజూరైతే ఉద్యోగం మానుకోమని అర్థం అనుకున్నాను. 5 రోజులే ఇచ్చారు. ఇప్పుడు చిన్న పనికి కూడా దేవుని చిత్తమేమిటో తెలియక ఆగిపోతున్నాను. పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు కాలినడకన తిరుమలకు వెళ్లివచ్చి లడ్డు ఇస్తే, భయపడి వెనక్కి పంపాను. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. ఆఫీసులో మనసు నిలవడం లేదు. రైతుల పాలకు ధర కట్టే వెన్న శాతం కొంచెం తగ్గించి రాయమని పైవాళ్లు చెబుతారు, అది అందరూ చేసేదే, అయినా ఆ వాతావరణంలో ఉండబుద్ధి కాక సేవకు వెళ్లిపోతే బాగుండునని అనిపిస్తుంది. నా భార్యతో ఇబ్బంది లేదు, నేనెటు వెళ్తే అటు వస్తుంది. దేవుడు నా నుండి ఏమి కోరుతున్నాడో నేనెలా తెలుసుకోవాలి?

(నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి, గుర్తుపట్టే వివరాలు తీసివేసి ఇచ్చాము.)

సమాధానం: ప్రియ సోదరునికి వందనాలు.

మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి వాగ్దాన కార్డు దగ్గర, రెండవసారి ప్రసంగికుడి మాటల దగ్గర గీత గీసుకున్నాను. మూడవసారి, చివరి పేజీలో మాటవరుసకు అన్నట్లు మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నా కలం ఆగిపోయింది. వెన్న శాతం తగ్గించి రాయడం గురించిన వాక్యం అది. దేవుడు ఏమి కోరుతున్నాడని పేజీల కొద్దీ అడిగిన మీరు, ఆ ప్రశ్నకు మీ చేతిలో ఇప్పటికే ఉన్న జవాబును, ఆఫీసు వాతావరణం బాగాలేదనే ఫిర్యాదులో కలిపి దాటేశారు. దాని దగ్గరికి తప్పక వస్తాను. మీకు నిద్ర పట్టకపోవడం కార్డుతో మొదలైంది గనుక ముందు దాని సంగతి చూద్దాం.

ఏడాది చివరి రాత్రి పన్నెండు దాటి, ప్రార్థన ముగిశాక, వరుసగా వెళ్లి ఒక్కొక్కరూ ఒక్కొక్క కార్డు తీసుకునే ఆచారం మన తెలుగు సంఘాలకు ఎంత ప్రియమైనదో నాకు తెలుసు. మా ఇంటి బీరువా తలుపుకు లోపలివైపు అంటించిన పాత కార్డులు ఇప్పటికీ ఉన్నాయి. ఒక వాక్యాన్ని ఇంటికి తెచ్చుకుని సంవత్సరమంతా ధ్యానించడం మంచిదే. అయితే ఆ కార్డు ఎలా తయారవుతుందో ఒకసారి ఆలోచించండి. చదవగానే మనసుకు ఊరట కలిగే వచనాలను ఏరి, వాటిలో కార్డుకు సరిపడినంత భాగాన్ని మాత్రమే కత్తిరించి అచ్చువేస్తారు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అనే సామెతలు 11:1 వచనం వాగ్దాన కార్డుగా వచ్చినవారిని నేనింతవరకు చూడలేదు.

మీకు వచ్చిన మాట 75 ఏళ్ల అబ్రాముకు, ఒక జనాన్ని పుట్టించి ఆ జనం ద్వారా భూలోకంలోని వంశాలన్నిటినీ ఆశీర్వదించే సంకల్పంతో చెప్పినది. ఆ దేవుడు నమ్మదగినవాడని ఆ వచనం చదివి మనం నేర్చుకుంటాము; చిత్తూరులో ఉద్యోగానికి రాజీనామా రాయాలో వద్దో అందులోనుండి పిండలేము. ఇదే పొరపాటు యిర్మీయా 29:11 విషయంలో మరీ ఎక్కువగా జరుగుతుంది. సమాధానకరమైన ఉద్దేశములను గూర్చిన ఆ వచనం ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో చెప్పలేము. అది బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా పంపిన ఉత్తరంలోనిది. ఇండ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, ఉన్న పట్టణపు క్షేమం కోరి ప్రార్థన చేయమని, తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని అదే ఉత్తరం చెబుతుంది. ఒకవేళ ఆ రాత్రి మీ చేతికి ఆదికాండపు కార్డుకు బదులు "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి" అనే కార్డు వచ్చి ఉంటే, మీరు మార్చిలో ఆ ప్రసంగికుడితో, క్షమించండి, దేవుడు నన్ను ఆ స్థలంలో ఇల్లు కట్టుకోమన్నాడు అని చెప్పి ఉండేవారా? ఏ కార్డు పైన ఉందనే దాని మీద మీ జీవితం ఆధారపడుతుందని నమ్మితే, దేవుని చిత్తానికీ చిలక జోస్యానికీ తేడా ఏమి మిగులుతుంది?

పూర్వం కూడా ఈ అలవాటు ఉండేది. 386లో మిలాను నగరపు తోటలో, తరువాత గొప్ప క్రైస్తవ బోధకుడైన అగస్టీను గ్రంథం తెరిచి, కంటబడిన రోమా పత్రిక మాటలు చదివి మారిపోయిన సంగతి చాలామంది చెబుతారు. ఆయన చదివిన మాటలు, ఆయన తప్పించుకుంటూ వచ్చిన విధేయతనే మళ్లీ ఎదుట పెట్టాయన్న సంగతి మాత్రం అంతగా చెప్పరు. అదే అగస్టీను బిషప్పు అయ్యాక, లౌకిక వ్యవహారాల కోసం సువార్త పుటలు తెరిచి శకునం చూసే అలవాటు తనకు నచ్చదని ఒక ఉత్తరంలో రాశాడు. 506లో గాల్ దేశంలోని (నేటి ఫ్రాన్సు) ఆగ్డ్ పట్టణంలో కూడిన బిషప్పుల సభ ఆ పద్ధతిని నిషేధించింది. కాబట్టి వాక్యాన్ని ఇలా వాడవద్దని నేను కొత్తగా చెబుతున్నది కాదు.

ఇక సెలవు గుర్తు. ఇది చదివి నవ్వాను గాని మిమ్మల్ని చూసి కాదు. తిరుపతిలో చదువు ముగించిన ఏడు నాకు రెండు బడుల్లో ఉద్యోగం దొరికే అవకాశం వచ్చింది, ఒకటి చిత్తూరులో, ఒకటి పీలేరులో. ఎటూ తేల్చుకోలేక బస్టాండులో నిలబడి, ప్రభువా, ముందు చిత్తూరు బస్సు వస్తే చిత్తూరు, పీలేరు బస్సు వస్తే పీలేరు అని ప్రార్థించాను. ఐదు నిమిషాల్లో చిత్తూరు బస్సు వచ్చింది. స్తోత్రం చెప్పి ఎక్కి కూర్చున్నాను. బస్సు చంద్రగిరి దాటుతుండగా నాకు తట్టింది: పీలేరు బస్సుల కంటే చిత్తూరు బస్సులు ఎక్కువని నాకు ముందే తెలుసు. చిత్తూరు వెళ్లాలని నాకే ఉంది. ఆ మాట మా నాన్నగారితో చెప్పే ధైర్యం లేక దేవుని పేరు వాడుకున్నాను. ఆ ఉద్యోగం వల్ల నష్టమేమీ జరగలేదు, దేవుడు దయగలవాడు. కానీ నేనాయన చిత్తాన్ని వెదికానని ఇప్పటికీ అనుకోలేను. మీరు 10 రోజులు అడిగితే 5 రోజులు వచ్చాయి. 10 వచ్చి ఉంటే వెళ్లిపోయేవారా, లేక ఇంకొక గుర్తు అడిగేవారా? నిజాయితీగా మీలో మీరే చెప్పుకోండి.

గిద్యోను గుర్తు కోసం గొఱ్ఱెబొచ్చును కళ్లంలో ఉంచింది దేవుడు ఏమి చెప్పాడో తెలియక కాదు. నీవు వెళ్లి ఇశ్రాయేలీయులను రక్షించు అని స్పష్టంగా వినిన తరువాత, నమ్మలేక, రెండవసారి అడుగుతున్నప్పుడు నీ కోపం రగులుకోనివ్వకు అని బతిమాలుకుంటూ అడిగాడు. అది దేవుడు అతని బలహీనతను భరించిన సందర్భం, మనకు వేసిన బాట అని నేను అనుకోను. అపొస్తలుల కార్యములలో చీట్లు వేసి మత్తీయను ఎన్నుకున్నది మొదటి అధ్యాయంలో. రెండవ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక సంఘం మళ్లీ చీట్లు వేసినట్లు ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. 15వ అధ్యాయంలో సున్నతి విషయమై పెద్ద చిక్కు వస్తే వారు కూర్చున్నారు, బహుగా తర్కించారు, ఒకరి సాక్ష్యం ఒకరు విన్నారు, లేఖనాన్ని పరిశీలించారు, ఆ తరువాతే "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాయగలిగారు. ఆ వాక్యంలో "మాకును" అనే మాటను నేను ఎంతో విలువగా చూస్తాను. ఆత్మ నడిపింపు అంటే మన బుద్ధిని గుమ్మం బయట విడిచి రావడం కాదని దానివల్ల తెలుస్తుంది.

మీ తలమీద చేయి ఉంచిన ఆ సహోదరుని ఉద్దేశాన్ని నేను తీర్పు తీర్చలేను. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దని రాసిన పౌలే, వెంటనే, సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుమన్నాడు. మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయాన్ని ఈ వారం ఒకసారి నెమ్మదిగా చదవండి. ఈ చోట భోజనం చేయవద్దని దేవుని వద్ద నుండి నేరుగా ఆజ్ఞ పొందిన ఒక దైవజనుడు, దేవదూత తనతో చెప్పాడని ఒక ముసలి ప్రవక్త అబద్ధమాడగా నమ్మి, అతనితో వెళ్లి తిని, దారిలో సింహం చేత చంపబడ్డాడు. ముందే తెలిసిన ఆజ్ఞను, తరువాత వచ్చిన ఏ గంభీరమైన స్వరమూ కొట్టివేయలేదు. మీకు ముందే తెలిసిన ఆజ్ఞ ఒకటి ఉంది: తల్లిని సన్మానించుము. ఇది కొర్బాను, అంటే దేవార్పితం, అని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసిన సహాయాన్ని ఎగవేసేవారిని యేసు మార్కు 7వ అధ్యాయంలో ఎంత కఠినంగా గద్దించాడో చూడండి. నెలనెలా వేలూరు వెళ్లవలసిన తల్లి ఇంట్లో ఉండగా, ఉన్న ఒక్క స్థలాన్ని ప్రతిష్ఠించమని ఒకే సాయంత్రం మిమ్మల్ని ఎరిగిన మనిషి చెబితే, ఆ మాట ఈ వాక్యం ముందు నిలవదు. ఆయన మరునాడు మరో ఊరి కూటాలకు వెళ్లిపోయి ఉంటాడు. మీ అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లేది మీరే. ఆ స్థలం అమ్మవద్దు.

ప్రవచనం నిజమైనదే అయినా నిర్ణయపు బరువు వినినవాని భుజాల మీద నుండి తొలగిపోదు. యెరూషలేములో పౌలును బంధిస్తారని అగబు అనే ప్రవక్త చెప్పినది నిజమే. అది వినిన స్నేహితులు వెళ్లవద్దని ఏడ్చారు, పౌలు వెళ్లడానికే నిశ్చయించుకున్నాడు, చివరికి వారు "ప్రభువు చిత్తము జరుగునుగాక" అని ఊరకున్నారు. పౌలు బర్నబాలను అంతియొకయలో పంపినప్పుడు కూడా, ఆ పిలుపు ఎవరూ ఎరుగని అతిథి నోట రాలేదు. వారితో ఏడాదిపాటు కలిసి పనిచేసిన సంఘం ఉపవాసముండి ఆరాధిస్తుండగా వచ్చింది.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం దగ్గరికి వస్తాను.

లూకా సువార్త 3వ అధ్యాయంలో యొర్దాను ఒడ్డున జనం బాప్తిస్మమిచ్చు యోహానును అడిగిన ప్రశ్న, మీరు నన్ను అడిగినదే: "మేమేమి చేయవలెను?" సుంకరులు అడిగారు, సైనికులూ అడిగారు. రోమా ప్రభుత్వం కోసం సుంకం వసూలు చేసేవారి జీవనం ఎలా సాగేదో మనకు తెలుసు: కట్టవలసిన దానిమీద ఎంత ఎక్కువ రాబట్టుకుంటే అంత వారిది. అది ఆ రోజుల్లో అందరూ చేసేదే. ఒంటె రోమముల వస్త్రం వేసుకుని, మిడతలు తిని, అరణ్యంలో బ్రతికిన యోహాను, ఆ పాడు ఉద్యోగం విడిచి నాతో రండి అని తేలికగా అనగలిగి ఉండేవాడు. ఆయనకు శిష్యులు కూడా ఉన్నారు. అయినా ఆయన వారితో అన్నది, నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు అని. సైనికులతో, ఎవరినీ బాధపెట్టక, అపనింద వేయక, మీ జీతములతో తృప్తిపొందుడి అన్నాడు. మరునాటి ఉదయం ఆ సుంకరి అదే సుంకపు మెట్టు (పన్ను వసూలు చేసే చోటు) దగ్గర, అదే పుస్తకం ముందు, అదే తోటి వసూలుదారుల మధ్య కూర్చుని, ఈసారి ఉన్న అంకె ఉన్నట్లు రాసి ఉంటాడు. నది దగ్గర పొందిన బాప్తిస్మం కంటే ఆ ఉదయం అతనికి కష్టమై ఉంటుందని నా ఊహ.

తరువాతి కాలంలో యేసు లేవీ అనే సుంకరిని మెట్టు విడిచి వెంబడించమన్నాడు. మరొక సుంకరి జక్కయ్యను వృత్తి విడవమన్నట్లు లూకా రాయలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానని అతడే చెప్పాడు. కాబట్టి మీ పిలుపు లేవీ పిలుపా, జక్కయ్య పిలుపా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ లెక్క సరిచేసుకోవడానికి మీరు ఆ తీర్పు కోసం ఆగనక్కరలేదు.

మీకు తెలియనిది కాదు, అయినా చెప్పుకుందాం. మన ప్రాంతంలో వాన తప్పి వేరుశనగ పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి ఆవు. తెల్లవారకముందే పాలు పిండి, క్యాను పట్టుకుని కేంద్రం ముందు వరుసలో నిలబడే వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. వారి పాలకు లీటరు ధర కట్టేది వెన్న శాతాన్ని, వెన్నేతర ఘనపదార్థాల శాతాన్ని చూసి. మీరు రాసే అంకె వల్ల లీటరుకు 50 పైసలే తగ్గిందనుకోండి. రోజుకు 10 లీటర్లు పోసే ఇంటికి రోజుకు 5 రూపాయలు, సంవత్సరానికి 1,825 రూపాయలు పోతాయి. అలాంటి ఇళ్లు 200 ఉంటే 3,65,000 రూపాయలు. బిల్లు చేతికి వచ్చినప్పుడు ఆ తల్లి తన ఆవును తిట్టుకుంటుంది, దాణా మార్చి చూస్తుంది, తనకు జరిగినదేమిటో ఆమెకు ఎప్పటికీ తెలియదు. బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని, ఆ కేకలు ప్రభువు చెవుల్లో పడ్డాయని యాకోబు 5:4 చెబుతుంది. సోదరా, ఆరు నెలలుగా దేవుని స్వరం వినబడడం లేదని మీరు రాశారు. ఆయన మాత్రం ఈ స్వరాన్ని రోజుకు రెండు పూటలా వింటున్నాడు.

మిమ్మల్ని దొంగ అని నేను అనడం లేదు. పైవాళ్లు చెప్పింది రాసి జీతంతో ఇల్లు నడుపుకునేవాడి ఇరుకు నాకు తెలుసు; ఆ డబ్బు మీ జేబులోకి రావడం లేదనీ తెలుసు. సేవకు వెళ్లిపోతే బాగుండునన్న మీ కోరికలో కొంత భాగం, బహుశా పెద్ద భాగమే, ఈ పుస్తకం ముందు నుండి లేచిపోవాలన్న కోరిక అని నాకు అనిపిస్తున్నది. మీ మనస్సాక్షి పనిచేస్తున్నదనడానికి అదే గుర్తు, మీరు అడిగిన గుర్తులన్నిటికంటే మంచిది. కానీ మీరు లేచి వెళ్లిపోతే ఆ కుర్చీలో మరొకరు కూర్చుని అదే అంకె రాస్తారు. ముందు చేయవలసింది, మీ పైఅధికారిని ఒంటరిగా కలిసి, కోపం లేకుండా, యంత్రం చూపిన అంకె తప్ప మరొకటి నా చేతితో రాయలేను అని చెప్పడం. సువార్త ప్రకటించనక్కరలేదు, ఉపన్యాసం వద్దు, ఆ ఒక్క మాట చాలు. వేరే విభాగానికి మార్చమని అడగవచ్చు. పోసిన ప్రతివారికి అంకె ఉన్న చీటీ ఇద్దామని అడగవచ్చు. వినకపోతే ఉద్యోగానికి ప్రమాదం రావచ్చు, రాదని నేను మీకు అబద్ధపు భరోసా ఇవ్వను. అందుకే ఆ మాట చెప్పడానికి ముందు ఇంటి ఖర్చులకు, అమ్మగారి మందులకు రెండు మూడు నెలలకు సరిపడేంత కూడబెట్టుకోండి, ఇంకెక్కడైనా లెక్కల పని దొరుకుతుందేమో ఈ నెల నుండే విచారించండి. కూడబెట్టుకోవాలన్న సాకుతో ఏళ్లు గడపవద్దు. ఒక తేదీ పెట్టుకోండి. ఈ కారణంగా ఆ కుర్చీ విడవవలసి వస్తే, ఆ రోజు మీరు లేచి బయలుదేరడానికి కార్డు అవసరముండదు.

రోమా 12:2లో దేవుని చిత్తాన్ని "పరీక్షించి తెలిసికొనునట్లు" అని పౌలు రాశాడు. లోహం మేలైనదో కాదో పరీక్షించి తేల్చడానికి గ్రీకులో వాడే మాట అది. పాలను పరీక్షించే చోట పదేళ్లు పనిచేసిన మీకు ఆ మాట తేలికగా అర్థం కావాలి: నమూనా తీయాలి, కలపాలి, యంత్రం శుభ్రంగా ఉండాలి. యంత్రమే చెడితే ఎన్ని నమూనాలు పెట్టినా సరైన అంకె రాదు. మనస్సు మారి నూతనమైతేనే ఆ పరీక్ష సాధ్యమని ఆ వచనమే చెబుతున్నది, రోజూ అబద్ధపు అంకె రాస్తూ ఉండే మనస్సుతో అది కుదరదు. ఆయన చిత్తం చొప్పున చేయ నిశ్చయించుకొనినవాడు తెలిసికొనును అని యోహాను 7:17లో ఉన్నది కూడా ఈ వరుసే. ముందు చేయడం, తరువాత తెలియడం.

సేవకు పిలుపు అంటే ఎలా ఉంటుందో మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. మీ అమ్మగారిని తీసుకువెళ్లే వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్, మిషనరీ కుటుంబంలో పుట్టి కూడా మిషనరీ కాకూడదని గట్టిగా నిశ్చయించుకున్న అమ్మాయి. 1890లో తిండివనంలో, తల్లిదండ్రుల దగ్గర ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవారు, ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిము, మరొక హిందువు, ఒకరి తరువాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. వైద్యుడైన ఆమె తండ్రి వస్తానన్నా, పరపురుషుడు చూడకూడదని వద్దన్నారు, ఆమెను రమ్మన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె పిలుపు అలా వచ్చింది. ఆ తరువాత ఆమె అమెరికాకు వెళ్లి, కష్టపడి చదివి, 1899లో వైద్య పట్టా పుచ్చుకుని, 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యశాల ప్రారంభించింది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల. 1911 వరకు మన చిత్తూరు, ఆ వేలూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ వృత్తాంతంలో నేను గమనించేది, ఆ పిలుపు ఎదుటివారి అవసరం రూపంలో వచ్చిందని, దానికి లోబడడానికి ఏళ్ల తరబడి సిద్ధపాటు పట్టిందని. అందరికీ అలా తలుపు తట్టి పిలుపు రాదు. కానీ సేవ చేయాలన్న కోరిక మీలో నిజంగా ఉంటే, దాన్ని పరీక్షించే మార్గం ఉద్యోగం మానడం కాదు. మిమ్మల్ని చిన్ననాటి నుండి ఎరిగిన మీ సొంత కాపరిగారిని కలిసి, ఒక సంవత్సరం పాటు ఏదైనా బాధ్యత ఇవ్వమని అడగండి: ఆదివారపు బడి, ఆసుపత్రి సందర్శన, ఎవరూ వెళ్లని పల్లెలో వారానికొక ఇంటి ప్రార్థన. పౌలు డేరాలు కుడుతూ సువార్త ప్రకటించాడు గనుక ఉద్యోగస్థుని సేవ రెండవ తరగతి సేవ కాదు. ఏడాది తరువాత సంఘం ఏమంటుందో వినండి.

చిన్న విషయాల్లో ఆగిపోవడం గురించి. ఏదెనులో దేవుడు ఆదాముకు ఒక చెట్టు వద్దన్నాడు, మిగిలిన ప్రతి వృక్షఫలమును నిరభ్యంతరముగా తినవచ్చునన్నాడు. ఏ చెట్టు పండు మొదట తినాలో చెప్పలేదు. విధవరాలు ప్రభువునందు మాత్రమే అన్న ఒక్క హద్దులో తనకిష్టమైనవానిని పెండ్లి చేసికొనుటకు స్వతంత్రురాలు అని పౌలు రాశాడు. పెండ్లి అంతటి విషయంలోనే తన ఇష్టాన్ని వాడుకోమన్న దేవుడు, ఏ బస్సు ఎక్కాలో చెప్పలేదని మీమీద కోపగించుకోడు. ఈ భయం, ఈ నిద్రలేమి ఇంకొక నెల ఇలాగే సాగితే వైద్యుణ్ణి కలవండి. అది విశ్వాసలోపం కాదు, మొహమాటపడవద్దు.

లడ్డు ప్రశ్న మన ప్రాంతంలో క్రైస్తవుని ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. తినాలా వద్దా అన్నదానికి మొదటి కొరింథీయులకు 8 నుండి 10 అధ్యాయాలు చదివి, మీ మనస్సాక్షి చొప్పున నిర్ణయించుకోండి. తినకూడదని మీకు తోస్తే తినకండి, ఎవరూ బలవంతం చేయలేరు. కానీ మెట్లెక్కి కొండకు పోయి వచ్చిన మనిషి, కాళ్ల నొప్పులతో మెట్లు దిగి, మీ ఇంటిని తలుచుకుని తెచ్చి ఇచ్చిన దానిని, భయపడి వెనక్కి పంపడంలో ఆమెకు అందింది విశ్వాసం కాదు, అవమానం. ఆమె ప్రేమను అందుకుని, మా నమ్మకం వల్ల మేము తినలేమమ్మా, మీరు తలుచుకున్నందుకు సంతోషం అని నెమ్మదిగా చెప్పవచ్చు. ఈ సాయంత్రమే పైకి వెళ్లి క్షమాపణ అడగండి. పొరుగువాని ప్రేమించుమన్న ఆజ్ఞ విషయంలో గుర్తు అడగనక్కరలేదు.

చివరిగా మీ భార్య. నాలుగు పేజీల ఉత్తరంలో ఆమె గురించి ఉన్నది ఒకే వాక్యం, అది కూడా ఆమె మీకు ఇబ్బంది కాదని. ఆమె ఏమనుకుంటున్నదో, ఆ స్థలం మీద ఆమెకు ఏ ఆశ ఉందో, మీరు నిద్రలేక తిరుగుతున్న ఆరు నెలలూ ఆమె ఎలా పడుకున్నదో మీరు రాయలేదు. బహుశా అడగలేదు. ఆలోచనకర్తలు అనేకులుండుట రక్షణకరమని సామెతలు 11:14 చెబుతున్నది. మీ ఇంట్లో ఉన్న మొదటి ఆలోచనకర్తను వదిలేసి మీరు తిరుపతిలో ఉన్న నాకు ఉత్తరం రాశారు. పిల్లలు పడుకున్నాక ఈ ఉత్తరాన్నీ, మీ ఆఫీసు లెక్కల సంగతినీ ఆమె ముందు పెట్టండి. మీరు మాట్లాడకుండా, ముందు ఆమెను మాట్లాడనివ్వండి. ఆమె ఏమన్నదో నాకు రాయండి, మిగిలిన విషయాలు అది చదివాక మాట్లాడుకుందాం.